పడవలో పదకొండు రోజులు

ఈ ఏడు విజ్ఞానయాత్రకు పోదలచిన మన విద్యార్థులు కొందరు మొన్న నా గదికి వచ్చి, "సార్, తక్కువ ఖర్చుతో దూరదేశాలు తిరిగి రావటం మీకు బాగా తెలుసునట. ఆ కిటుకులు మాకు కూడా చెప్పండి" అని అడిగారు. ఈ కీర్తిని నాకు ఎవరు తెచ్చిపెట్టారో తెలియదు కాని, అది పూర్తిగా అబద్ధం కాదు. విద్యార్థి దశలో చేతిలో చిల్లర డబ్బులతో, చంకలో ఒక సంచితో చాలా దూరమే తిరిగాను. కాబట్టి వారు అడిగిన కిటుకులు తప్పక చెబుతాను. అయితే ఆ తిరుగుడులో నేను చేసిన ఒక తప్పును కూడా చెప్పకపోతే జవాబు సగమే అవుతుంది. సగం జవాబుకు సగం మార్కులే వేసే అలవాటు గలవాడిని గనుక, నా విషయంలో వేరొక న్యాయం పాటించలేను.

2012 జనవరి నాటి మాట ఇది. అప్పుడు నేను నాగార్జున విశ్వవిద్యాలయంలో తెలుగు ఎమ్.ఏ. మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. మా నాన్నది దూదేకుల వృత్తి. దూది ఏకే విల్లు భుజాన వేసుకొని వీధి వీధి తిరిగేవారు. ఎవరైనా పిలిస్తే వారి అరుగు మీదనే పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్లీ నింపి, కుట్టి ఇచ్చేవారు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన కనుబొమల మీద, మీసాల మీద దూది పింజలు అంటుకొని ఉండేవి. సెలవులలో ఆయనకు సాయంగా పోయి సూది పట్టటం నాకు చిన్నప్పుడే అలవాటయింది. కాని విశ్వవిద్యాలయంలో ఎవరైనా "మీ నాన్నగారు ఏమి చేస్తారు?" అని అడిగితే, "దూది వ్యాపారం" అని చెప్పేవాడిని. గుంటూరు ప్రాంతంలో దూది వ్యాపారం అంటే జిన్నింగు మిల్లు గుర్తుకు వస్తుంది. ఆ పొరపాటును నేను ఎన్నడూ సరిదిద్దలేదు.

కాశ్మీరమే ఎందుకు చూడాలనుకొన్నానో చెబుతాను. ఆ సంవత్సరం మాకు అలంకారశాస్త్రం ఒక పేపరు. వామనుడు, ఉద్భటుడు, రుద్రటుడు, ఆనందవర్ధనుడు, కుంతకుడు, అభినవగుప్తుడు, మమ్మటుడు, క్షేమేంద్రుడు. ఈ పేర్లు వల్లె వేసి వేసి విసిగిన మాకు, వీరందరూ కాశ్మీరకులేనని మా ఆచార్యులవారు ఒకనాడు చెప్పారు. రీతి, ధ్వని, వక్రోక్తి, ఔచిత్యం అంటూ మేము పరీక్షలలో పుటలు నింపే సిద్ధాంతాలన్నీ ఒకే లోయలో పుట్టినవన్నమాట! తెనుగు విద్యార్థికి ఇంత పని కల్పించిన ఆ లోయను ఒకసారి కళ్లారా చూడవలెననే కోరిక అప్పుడే పుట్టింది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో సంక్రాంతి సెలవులకు కొంచెం ముందుగానే బయలుదేరాను.

ఇక కిటుకులు. మొదటిది: జనం పోని కాలంలో పోవాలి. జనవరిలో కాశ్మీరం పోయేవారు ఆనాడు అరుదు. డిసెంబరు 21 నుండి నలభై రోజుల పాటు అక్కడ "చిల్లై కలాన్" అనే కఠినమైన చలికాలం. ఆ రోజులలో గదుల అద్దెలు నేలకు దిగేవి. రెండవది: రైలులో తినే తిండి ఇంటి నుండి తీసుకొనిపోవాలి. మా అమ్మ కట్టి ఇచ్చిన పులిహోర రెండు రోజులు వచ్చింది. అటుకులు, వేరుసెనగ ఉండలు, ఒక సీసాడు గోంగూర పచ్చడి తిరిగి వచ్చే వరకు ఆదుకొన్నాయి. మూడవది: రాత్రి ఒక ఊరు చేరితే సత్రం వెతుక్కోనక్కరలేదు. చేతిలో టిక్కెట్టు ఉన్నవాడికి రైల్వే వెయిటింగ్ హాలు ఉండనే ఉంది. విజయవాడలో నేను ఎక్కిన బండి పేరు అండమాన్ ఎక్స్‌ప్రెస్. పేరు సముద్రద్వీపాలది, పోయేది హిమాలయాల పాదాలకు. రెండు వేల కిలోమీటర్లకు పైబడిన ఆ ప్రయాణంలో స్లీపరు తరగతి పై బెర్తే నా ఇల్లు.

జమ్మూ చేరక ముందే నా చేతి ఫోను మూగబోయింది. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు ఆనాడు జమ్మూ కాశ్మీరులో పనిచేసేవి కావు. స్టేషను ఎదుట పి.సి.ఓ. నుండి మా వీధిలోని కిరాణా దుకాణానికి ఫోను చేసి, క్షేమంగా చేరానని నాన్నకు చెప్పమన్నాను. అక్కడి నుండి శ్రీనగరానికి మూడు వందల కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. ఇప్పుడైతే 2025 జూన్ 6న కట్రా నుండి శ్రీనగరానికి రైలు ప్రారంభమయింది గాని, ఆనాడు బస్సే గతి. బనిహాల్ దగ్గర 1956లో తెరచిన జవహర్ సొరంగం దాటగానే, తెల్లటి దుప్పటి పరచినట్లు లోయ కనిపించింది. దారిలో అవంతిపురం వచ్చింది. ఆనందవర్ధనుడు అవంతివర్మ ఆస్థానంలోనివాడు, ఆ రాజు పేరు మీద వెలసిన ఊరే అది. మంచులో సగం మునిగిన రాతి స్తంభాలను బస్సు కిటికీలో నుండి చూస్తూ, ధ్వని సిద్ధాంతానికి మనసులోనే ఒక నమస్కారం పెట్టుకొన్నాను.

డాల్ సరస్సు ఒడ్డుకు చేరేసరికి పొద్దు వాలుతున్నది. జేబులో ఉన్న డబ్బుకు హోటలు తగదు. హౌస్‌బోటులలో డీలక్సు మొదలుకొని ఏ, బి, సి, డి వరకు తరగతులు ఉంటాయనీ, చివరి తరగతి పడవలు వెనుక పాయలలో ఉంటాయనీ బస్సులో ఎవరో చెప్పారు. రేవులో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్లు దాటిన వయస్సు. మోకాళ్ల కిందికి దిగిన ఉన్ని ఫెరన్. దాని లోపల పొట్ట దగ్గర కాంగ్డీ. కాంగ్డీ అంటే సన్నని పుల్లలతో అల్లిన బుట్టలో కూర్చిన మట్టి కుంపటి. రెండు పూటల భోజనంతో కలిపి రోజుకు 300 రూపాయలని ఆయన అన్నాడు. నిజానికి అది చాలా చౌక. కాని బేరం చేయకుండా ఏదీ కొనరాదని నేను పెట్టుకొన్న నియమం. 100 అన్నాను. ఆయన నవ్వి తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నేను పాయలో కనిపిస్తున్న మరొక పడవను చూపి, "ఆ పడవ ఆయన 150కే ఇస్తానన్నాడు చాచా. మీరు పెద్దవారు గదా అని మిమ్మల్ని అడుగుతున్నాను" అన్నాను.

ఆ పడవ ఆయనను నేను చూడనేలేదు.

చాచా ఆ పడవ వైపు ఒకసారి చూశాడు. నా వైపు ఒకసారి చూశాడు. "సరే బేటా, 150. షికారా ఎక్కు, చలి ఎక్కువవుతున్నది" అన్నాడు. దారిలో తెడ్డు వేస్తూ మా నాన్న ఏమి చేస్తారని అడిగాడు. అలవాటు చొప్పున "దూది వ్యాపారం" అని చెప్పాను. పది నిమిషాలలో రెండు అబద్ధాలు ఆడి, రోజుకు 150 మిగుల్చుకొన్నందుకు ఆ రాత్రి నా భుజం నేనే తట్టుకొన్నాను.

ఆ పడవను గురించి కొంత చెప్పాలి. హౌస్‌బోటు అంటే ప్రయాణం చేసే పడవ కాదు. దేవదారు పలకలతో కట్టిన, అడుగు బల్లపరుపుగా ఉండే ఒక పొడుగాటి ఇల్లు. ఒకచోట గుంజలకు కట్టివేసి ఉంటుంది. ముందు వసారా, తరువాత కూర్చునే గది, భోజనాల గది, ఆ వెనుక వరుసగా పడక గదులు. డోగ్రా రాజుల కాలంలో పరదేశీయులకు అక్కడ భూమి కొనే హక్కు లేకపోవటం చేత, వేసవికి వచ్చే ఆంగ్లేయులు నీటి మీద ఇళ్లు కట్టించుకొన్నారని చెబుతారు. దానికి మూలం హాంజీలు అనే పడవవారి "డూంగా". అది చాప కప్పుల కింద తరతరాలుగా కాపురం ఉండే పడవ. మా చాచా హాంజీయే. ఆయనది చివరి తరగతి పడవ. అతిథికి రెండు గదులు, వెనుక భాగంలో ఆయన, ఆయన భార్య, ముసలి తల్లి, పదవ తరగతి పరీక్షలు వ్రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న కొడుకు. ఆ చలికాలంలో అతిథిని నేను ఒక్కడినే.

నీటి మీద కాపురం నేలమీది బుద్ధిని కొంత మార్చుతుంది. ఏ వస్తువు తీసినా మళ్లీ దాని చోటనే పెట్టాలి, లేకపోతే రెండవ మనిషికి నడిచే దారి ఉండదు. తెల్లవారగానే చాచా మొదటి పని అడుగు పలకల సందులలో ఊరిన నీటిని డబ్బాతో తోడిపోయటం. రెండవ పని పడవ చుట్టూ గడ్డకట్టిన నీటిని తెడ్డుతో పగులగొట్టటం. ఆ పలకలు మార్చవలసిన కాలం వచ్చింది. కాని దేవదారు ధర మాట అటుంచి, సరస్సు కాలుష్యం మూలంగా పడవల మరమ్మతుల మీద కూడా అప్పుడు ఆంక్షలు ఉండేవి. ఆ ఆంక్షలు అకారణం కాదు. పడవలలోని మురుగు తిన్నగా సరస్సులోకే పోవటం నేను కళ్లారా చూశాను. ఆ నీటిలోనే పెరిగిన తామరతూళ్ల కూరను మధ్యాహ్నం తిన్నాను కూడా. పట్నపు మురుగు సంగతి ఎవరూ అడగరని చాచా ఫిర్యాదు. రెండు మాటలలోనూ నిజం ఉన్నది.

ఉదయం మజ్జిగ రంగుకు కొంచెం గులాబి కలిపినట్లుండే ఉప్పు తేనీరు, దానిలో ముంచుకొని తినటానికి రొట్టెల అంగడి నుండి వచ్చిన వేడి వేడి గిర్దా రొట్టె. రెండు పూటలా అన్నమే. ఉత్తరాదిన ఎక్కడికి పోయినా చపాతీలతో తంటాలు పడే మనవాడికి, కాశ్మీరీలు మనలాగే అన్నం తినేవారని తెలియటం ఒక గొప్ప ఊరట. ఎండాకాలంలో ఎండబెట్టి దాచుకొన్న సొరకాయ, వంకాయ ముక్కలతో ఆ మంచు రోజులలో కూరలు వండేవారు. నా గోంగూర పచ్చడి వారికి రుచి చూపించాను. కాశ్మీరు మిరపకాయకు రంగు ఎక్కువ, కారం తక్కువ. గుంటూరు సంగతి తెలియని ఆ పిల్లవాడు చెంచాడు నోట పెట్టుకొని, పరుగెత్తిపోయి కిటికీలోని మంచు పిడికెడు తిన్నాడు. ముసలి అవ్వ మాత్రం మెల్లగా నాకి, బాగున్నదని ఆ సీసాను తన పెట్టె పక్కన దాచుకొన్నది.

నాలుగు రోజులు హాయిగా గడిచాయి. శుక్రవారం హజ్రత్‌బల్‌లో నమాజు చేశాను. రేవు నుండి రేవుకు జనం దాటే పడవలలో చిల్లర ఇచ్చి ఊరంతా తిరిగాను. ఐదవ రాత్రి గడిచిన తెల్లవారి 750 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి, సంచి సర్దుకొని బయటకు వచ్చేసరికి వసారా మీద మోకాలి ఎత్తు మంచు. బనిహాల్ దారి మూసివేశారని రేడియోలో చెప్పారట. ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రానికి కరెంటు కూడా పోయింది. జమ్మూలో నా రైలు నన్ను విడిచి పోతుంది, టిక్కెట్టు డబ్బు దండుగ. జేబులో మిగిలింది 400. కిటుకులన్నీ తెలిసినవాడిని, ఇటువంటి రోజు కోసం ఒక్క రూపాయి వేరుగా దాచుకోలేదు. చాచా నా సంచిని తీసుకొనిపోయి మళ్లీ గదిలో పెట్టాడు. "దారి తెరిచే దాకా ఉండు" అన్నాడు. అద్దె మాట ఎత్తలేదు. ఎత్తకపోవటం నాకూ అనుకూలంగానే ఉండి, నేనూ ఎత్తలేదు.

ఏడవ రోజు రాత్రి బుఖారీ చుట్టూ కూర్చున్నాము. బుఖారీ అంటే కట్టెలతో మండే రేకు పొయ్యి. ఇంటిలో అదొక్కటే వెచ్చని చోటు. పిల్లవాడు కొవ్వొత్తి వెలుగులో ఇంటి లెక్కల పుస్తకం వ్రాస్తూ, "భాయ్‌జాన్, కూడిక సరిగా ఉందో లేదో చూడండి" అని నాకు ఇచ్చాడు. ఉర్దూ లిపి నాకు వచ్చునని వాడికి సంబరం. చూశాను. రోజుకు కట్టెలు 110, బొగ్గులు 40, పాలు రొట్టెలు 45, మొత్తం 195. ఎదుటి వరుసలో "మెహమాన్ – 150". ఆ వరుస ఐదు రోజులు నడిచింది. ఆరవ రోజు నుండి "మెహమాన్" అని వ్రాసి, దాని ఎదుట ఒక సున్న. బియ్యం లెక్కలో చేర్చనేలేదు.

కూడిక సరిగానే ఉన్నది. ఏమి మాట్లాడాలో తోచక, "ఆ పాయలోని పడవవారు కూడా ఇంతేనా?" అని అడిగాను. "అది మా పెదనాన్నది" అన్నాడు పిల్లవాడు. "నవంబరులోనే తాళం వేసి శాలువలు అమ్మటానికి కలకత్తా పోయారు. మార్చిలో వస్తారు."

చాచా అక్కడే ఉన్నాడు. కాంగ్డీలోని నిప్పును పుల్లతో కదుపుతూ, మా మాట విననట్లే కూర్చున్నాడు. అంటే ఆ సాయంత్రం రేవులో నేను అన్న మాట అబద్ధమని ఆయనకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసే "సరే" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా చిన్నతనపు సంగతి ఒకటి పదే పదే గుర్తుకు వచ్చింది. ఒక పెద్ద ఇంటి అరుగు మీద నాన్న పరుపు విప్పబోతుంటే, ఆ ఇంటావిడ "పక్క వీధి సాయిబు ఇందులో సగానికే ఏకుతానన్నాడు" అన్నది. మా చుట్టుపక్కల ఆ పని చేసేది మా నాన్న ఒక్కరే. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, ఆయనకూ తెలుసు. నాన్న నవ్వి, ఆ సగం ధరకే విల్లు మీటారు. పన్నెండేళ్ల నేను కోపంతో సూదిని వేలిలో గుచ్చుకొన్నాను. ఆ ఇంటావిడ అన్న మాటనే నేను ఇంత దూరం మోసుకొనివచ్చి, మరొకరి రేవులో దింపాను. క్షేమేంద్రుని ఔచిత్యం గురించి పరీక్షలో ఆరు పుటలు వ్రాసిన చేయి నాది.

తెల్లవారిన తరువాత ఏమి చేయాలో పడక మీదనే తెలిసింది. నేను కప్పుకొన్న రజాయిలో దూది మూలలకు చేరి గడ్డలు కట్టింది. మధ్యలో ఉత్త గుడ్డే ఉండటం వల్ల చలి లోపలికి వస్తున్నది. వృత్తి ఇంటివాడిని గనుక మొదటి రాత్రే గమనించాను. గమనించి ఊరకున్నాను. ఉదయం అవ్వ దగ్గరకు పోయి సూది, దారం అడిగాను. ఆమె ఎందుకని అడగలేదు గాని, నేను రజాయి కుట్లు విప్పుతుంటే మాత్రం అందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. విల్లు లేదు. దూదిని చాప మీద పరచి, రెండు సన్నని కర్రలతో కొట్టి, వేళ్లతో పింజ పింజగా విడదీసి, సమంగా పరచి, బుఖారీ పక్కన వెచ్చబెట్టి మళ్లీ కుట్టాను. మొదటి దానికి పూట పట్టింది. అవ్వ దానిని ఒడిలో వేసుకొని నిమిరి, "ఈ పని ఎక్కడ నేర్చుకొన్నావు బేటా?" అని అడిగింది.

"మా నాన్న పని ఇదే. వీధులలో తిరిగి దూది ఏకుతారు" అన్నాను. ఊరు విడిచిన తరువాత ఆ మాటను నేను ఉన్నది ఉన్నట్లుగా చెప్పటం అదే మొదటిసారి.

"అయితే నద్దాఫులన్నమాట" అన్నది అవ్వ. ఆ మాటలో మెచ్చుకోలు లేదు, చులకనా లేదు. పనికి ఒక పేరు ఉన్నది, ఆ పేరు చెప్పింది. అంత చిన్న సంగతిని దాచటానికి నేను ఎన్నేళ్లు శ్రమపడ్డానో ఆమెకు తెలియదు. ఆ సాయంత్రం చాచాతో రెండవ మాట కూడా చెప్పాను: "ఆ పడవ ఆయన 150 అన్నాడని చెప్పింది అబద్ధం." చాచా కొంచెంసేపు ఊరకుండి, "నీవు కుర్రవాడివి, చలిలో నిలబడి ఉన్నావు. నీవు 150 అన్నావు, నేను సరే అన్నాను. మాట అయిపోయింది గదా, ఇప్పుడు ఎందుకు?" అన్నాడు. మిగిలిన మూడు రోజులలో ఆ ఇంటిలోని రజాయిలు అన్నీ విప్పి కుట్టాను. అవ్వది ముందు, పిల్లవాడిది తరువాత.

పదకొండు రాత్రులు గడిచాక దారి తెరిచారు. ఒక రోజు పైకి, ఒక రోజు కిందికి అన్న లెక్కన బండ్లు వదులుతున్నారు. చాచా నన్ను రేవు దాకా దింపి, వద్దన్నా వినక వెయ్యి రూపాయలు అప్పుగా నా జేబులో పెట్టాడు. జనరలు పెట్టెలో, తలుపు పక్కన కూర్చొని, సంక్రాంతి పండుగ దారిలోనే దాటిపోగా ఇల్లు చేరాను.

నాన్నకు జరిగినదంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. దూది వ్యాపారం మాట కూడా చెప్పాను. ఆయన కోపగించుకొంటారని ఎదురుచూశాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎంత ఎడం వేశావు?" అని అడిగారు. "జానెడు" అన్నాను. "చలి దేశం గదా, బెత్తెడు వేయవలసింది. మళ్లీ జరిగిపోతుంది దూది" అన్నారు. ఆ తరువాత పలక తీసుకొని లెక్క వేశారు. రోజుకు 300 చొప్పున పదకొండు రోజులకు 3,300. ఇచ్చింది 750. మిగిలింది 2,550. అప్పు వెయ్యి. మొత్తం 3,550. "మొదట ఆయన అడిగిన ధరే ధర" అన్నారు. ఆయన కొంత, నేను కొంత వేసి, మూడు నెలలలో మూడు మనీయార్డర్లుగా పంపాము.

వేసవిలో ఒక పార్సిలు వచ్చింది. విప్పితే అక్రోటు కాయలు. వాటి మీద పిల్లవాడి చేతివ్రాతతో ఉర్దూలో ఒక చీటీ. నేను చదివి నాన్నకు తెనుగులో చెప్పాను: "అబ్బా చెప్పమన్నారు: మాట 150కే అయింది. వెయ్యి ముట్టింది. మిగిలినది రజాయిల కూలితో ఎప్పుడో చెల్లిపోయింది. అందుకని దానికి బదులు ఇవి పంపుతున్నాము." నాన్న ఒక కాయ పగులగొట్టి, "ఆయన బేరం నా బేరం కంటే గట్టిది" అని నవ్వారు.

ఆ స్నేహం ఇప్పటికీ నిలిచి ఉన్నది. 2014 సెప్టెంబరులో జీలం పొంగి శ్రీనగరం మునిగినప్పుడు, కొన్ని రోజుల పాటు ఫోనులు కలియక మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. తరువాత తెలిసింది, ఇళ్ల పై అంతస్తులలో చిక్కుకొన్నవారిని ఒడ్డు చేర్చిన వారిలో షికారాలవారు ఎందరో ఉన్నారని, మా చాచా, ఆయన కొడుకు కూడా రెండు రోజులు తెడ్డు దింపలేదని. ఇప్పుడు పడవను ఆ అబ్బాయే చూసుకొంటున్నాడు. 2025 ఏప్రిల్ 22న పహల్‌గాంలో 26 మందిని పొట్టన పెట్టుకొన్న ఘాతుకం జరిగిన తరువాత ఫోను చేస్తే, ఆ నిరపరాధుల కోసం చాలాసేపు బాధపడి, చివరకు తన సంగతి ఒక్క మాటలో చెప్పాడు: "గదులన్నీ ఖాళీ, భాయ్‌జాన్." లెక్కల పుస్తకంలోని ఆ సున్న నా కళ్లకు కట్టింది.

విద్యార్థులారా, పొదుపుగా తిరగటం మంచి విద్య. మనవంటి ఇళ్లలో పుట్టినవారు ఆ విద్య లేకపోతే ఊరి పొలిమేర కూడా దాటలేరు. పులిహోర కట్టుకొనిపోండి. పై బెర్తు మీద పడుకోండి. వెయిటింగ్ హాలులో రాత్రి గడపండి. కాలినడకన తిరగండి. ఇవన్నీ మీ సుఖాన్ని మీరు తగ్గించుకొని మిగుల్చుకొనే డబ్బు. దానికి ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. ఎదుటివాడి పొయ్యిలోని కట్టెలను తగ్గించి మిగుల్చుకొనే డబ్బు వేరు. దానిని పొదుపు అనరు. బేరమాడండి, తప్పులేదు, కాని అబద్ధమాడకండి. వచ్చేటప్పటికి దారులు మూసుకొనిపోవచ్చునని కొంత డబ్బు వేరుగా దాచుకోండి. మీ నాన్నగారు ఏమి చేస్తారని ఎవరైనా అడిగితే ఉన్నది చెప్పండి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఈసారి విజ్ఞానయాత్రకు ఖర్చుల పుస్తకం నా చేతికే ఇచ్చారు. అందులో ప్రతి పుటలోనూ రెండు వరుసలు గీసి ఉంచాను. ఒకటి "అడిగిన ధర", రెండవది "ఇచ్చిన ధర". ఈ రెండింటి మధ్య తేడా ఎక్కువగా కనిపించిన చోట, నన్ను మెచ్చుకొనే ముందు, ఆ తేడా ఎలా వచ్చిందో దయచేసి అడగండి.